బోటు సొంతం, అతిథులు వ్యాపారం తరఫు: ప్రమాదం జరిగితే ఏ పాలసీ ఆదుకుంటుంది?

క్లుప్తంగా: సొంత బోటుపై క్లయింట్లను ఉచితంగా తిప్పినంత మాత్రాన అది ప్రైవేట్ షికారు అయిపోదు. సముద్ర భద్రతా చట్టం, బీమా పాలసీ, పన్ను చట్టం ఒకే ప్రయాణాన్ని మూడు వేర్వేరు ప్రశ్నలతో పరీక్షిస్తాయి. ఒక కాగితంలో ‘సరదా కోసం’ అని, ఇంకో కాగితంలో ‘వ్యాపారం కోసం’ అని రాసుకున్న ఓనరు ప్రమాదం జరిగాక ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటాడు.

వారాంతంలో నలుగురు క్లయింట్లను బోటెక్కించి ఒక పూట తిప్పి తీసుకురావడం, వాళ్లను ఇంటికి భోజనానికి పిలిచినంత మామూలుగా కనిపిస్తుంది. టికెట్ లేదు, అద్దె లేదు, ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోలేదు. డబ్బు తీసుకోనప్పుడు ఇది ప్రైవేట్ ప్రయాణమే కదా అన్నది ఓనర్ల వాదన. అందులో నిజం ఉంది కానీ సగమే. డబ్బు సంగతి ప్రధానంగా పట్టించుకునేది భద్రతా చట్టం. ఆ బోటును దేనికి వాడుతున్నారన్నది బీమా కంపెనీ చూస్తుంది. ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో పన్ను అధికారి చూస్తాడు. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరి ఫైల్లోకి చేరదన్న గ్యారంటీ ఏమీ లేదు.

ఈ విషయంలో నిబంధనలు, తీర్పులు బాగా స్పష్టంగా ఉన్నది అమెరికా, బ్రిటన్‌లలో. అందుకే ఇక్కడి ఉదాహరణలు ఆ రెండు దేశాలవి. మిగతా చోట్ల అంకెలు, పేర్లు మారతాయి గానీ తలెత్తే ప్రశ్నలు దాదాపు ఇవే.

డబ్బు లేకపోయినా ‘ప్రతిఫలం’ ఉండొచ్చు

అమెరికాలో 1993 నాటి ప్రయాణికుల నౌకల భద్రతా చట్టం ‘కిరాయి ప్రయాణికుడు’ ఎవరో తేల్చింది. బోటు ఎక్కనివ్వడానికి షరతుగా ఎవరైనా ప్రతిఫలం ఇస్తే, ఆ ప్రయాణికుడు కిరాయి ప్రయాణికుడే. ఆ ప్రతిఫలం నేరుగా ఓనరుకే అందాలని లేదు. పరోక్షంగా అందినా, బోటు నడిపేవాడికో ఏజెంటుకో అందినా లెక్కలోకి వస్తుంది. ప్రతిఫలం అంటే నోట్ల కట్టే కానక్కర్లేదు. ఆర్థిక ప్రయోజనం, లాభం, హక్కు, ప్రలోభం అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి.

ఇంత విశాలంగా రాశారు కాబట్టి క్లయింటుతో కలిసి చేపలు పట్టడానికి వెళ్లినా పట్టుకుంటారేమో అన్న టెన్షన్ సహజం. అయితే ఆ నిర్వచనంలో అసలు బరువంతా ‘షరతు’ అన్న మాట మీదే ఉంది. పాత క్లయింటును మర్యాదగా పిలిచారు, అతను రేపు ఆర్డర్ ఇస్తాడో ఇవ్వడో తెలియదు, ఇవ్వకపోయినా బోటు ఎక్కనిచ్చేవాళ్లే. ఇలాంటి చోట షరతు కనిపించదు. అదే కంపెనీ ‘ఈ ఏడాది ఇంత విలువైన కొనుగోలు చేసినవారికి యాట్‌పై విహారం’ అని ప్రకటిస్తే పరిస్థితి మారుతుంది. సదస్సు ఫీజులోనే సాయంత్రం బోటు షికారును కలిపినా అంతే. డబ్బు వేరే కౌంటర్లో కట్టారు, వేరే పేరు మీద కట్టారు. అయినా అది కట్టనిదే బోటు ఎక్కే వీల్లేదు కదా.

ఖర్చు పంచుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ ప్రయాణానికి నిజంగా అయిన ఖర్చులో అతిథులు ఇష్టపూర్వకంగా కొంత భరిస్తే, అంటే ఆయిల్ పోయించినా, తిండీ పానీయాలు తెచ్చినా, అది ప్రతిఫలం కాదు. ఓనర్లు పొరబడేది ఇక్కడే. ఆ రోజు కాలిన ఇంధనం ఆ ప్రయాణం ఖర్చు. ఏడాది పొడవునా బోటు కట్టేసి ఉంచినందుకు అయ్యే అద్దె, ఇంజిన్ సర్వీసింగ్, లోన్ వాయిదా ఆ ప్రయాణం ఖర్చులు కావు. మేనేజరు తన సొంత బోటుపై కంపెనీ క్లయింట్లను తిప్పాడు, కంపెనీ అతనికి నెల అద్దెలో సగం తిరిగి ఇచ్చింది అనుకుందాం. ఆ సొమ్మును ఆయిల్ డబ్బుల కింద చూపించడం కష్టం.

ఒక్క కిరాయి ప్రయాణికుడు తేలితే చాలు, బోటు హోదాయే మారిపోతుంది. 100 గ్రాస్ టన్నుల (ఇది నౌక లోపలి పరిమాణానికి కొలత) లోపు బోటులో మొత్తం ప్రయాణికులు ఆరుగురు లేదా అంతకు తక్కువైతే, దాన్ని నడిపే వ్యక్తికి కోస్ట్ గార్డ్ లైసెన్స్ తప్పనిసరి. అక్కడి బోటువాళ్లు ‘సిక్స్ ప్యాక్’ అని పిలిచేది ఈ లైసెన్స్‌నే. ఏడో ప్రయాణికుడు ఎక్కాడంటే లైసెన్స్ ఒక్కటే సరిపోదు, బోటుకే తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. ఏడుగురిలో ఆరుగురు ఫ్రీగా వచ్చినా ఫలితం ఇదే. సరదా కోసం తయారుచేసిన బోటుకు తర్వాత ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవడం తేలిక కాదు. నిర్మాణం, అగ్నిమాపక ఏర్పాట్లు, బోటు ఒరిగినా నిలబడే సామర్థ్యం అన్నీ ప్రయాణికుల నౌక ప్రమాణాలకు సరిపోవాలి.

బ్రిటన్‌లో చిక్కు ‘స్నేహితుడు’ దగ్గర

బ్రిటన్ 1998 నిబంధనలు ఇదే సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకుంటాయి. అక్కడ మొదట చూసేది బోటులో ఎవరున్నారని. ఓనరు, అతని దగ్గరి కుటుంబ సభ్యులు, స్నేహితుల సరదా కోసం వాడితేనే అది ‘ప్లెజర్ వెసల్’. బోటు కంపెనీ పేరు మీద ఉంటే అందులో ఉండాల్సింది ఆ కంపెనీ అధికారులు, ఉద్యోగులు, లేదా వాళ్ల కుటుంబ సభ్యులు, స్నేహితులు. పైగా ఆ ప్రయాణానికి నేరుగా అయ్యే ఖర్చులో వాటా తప్ప ఓనరుకు ఏ సొమ్మూ ముట్టకూడదు.

ఈ జాబితాలో ‘క్లయింటు’ అన్న మాట లేదు. ఐదేళ్లుగా కలిసి పనిచేస్తూ, ఇంట్లో పెళ్లిళ్లకు కూడా వచ్చిపోయే క్లయింటును స్నేహితుడనొచ్చు. మొన్నటి ట్రేడ్ ఫెయిర్‌లో కార్డు ఇచ్చి వెళ్లిన వ్యక్తిని అలా అనడం ఎలా? ఆ జాబితాలో ఇమడని అతిథులుంటే బోటు వాణిజ్య నిబంధనల కిందికి వెళ్తుంది. అప్పుడు భద్రతా పరికరాలు, సర్టిఫికెట్లు, నడిపేవాడి అర్హత అన్నీ వేరే స్థాయిలో ఉండాలి. అమెరికాలో ఉచితంగా పిలిచిన క్లయింటు వల్ల రాని ఇబ్బంది, బ్రిటన్‌లో కంపెనీ బోటుకు రావచ్చన్నమాట. రెండు చోట్లా ఒకే బోటు తిప్పే కంపెనీలు ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

పాలసీలో ఒక్క వాక్యం

కోస్ట్ గార్డ్‌తో ఏ పేచీ లేకపోయినా బీమా దగ్గర ఇబ్బంది రావచ్చు. ప్రైవేట్ బోటు పాలసీల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: బోటును వ్యక్తిగత విహారానికి మాత్రమే వాడాలి. మెరైన్ బీమా భాషలో దీన్ని వారంటీ అంటారు. టీవీకో ఫ్రిజ్‌కో ఇచ్చే వారంటీ లాంటిది కాదిది. ఇక్కడ మాట ఇచ్చేది పాలసీదారు. ‘నేను ఇలాగే వాడతాను’ అని కంపెనీకి ఇచ్చిన హామీ అది.

ఆ హామీ తప్పిన రోజు, దానికి సంబంధం లేని ప్రమాదం జరిగితే? పేచీ అంతా ఇక్కడే. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1955లో వచ్చిన విల్బర్న్ బోట్ కేసు ఇదే. టెక్సస్, ఓక్లహోమా రాష్ట్రాల మధ్య ఉన్న టెక్సోమా సరస్సులో ఒక చిన్న హౌస్‌బోటు, కట్టేసి ఉండగానే తగలబడిపోయింది. వ్యక్తిగత విహారానికే వాడాలని, బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదని, అద్దెకు ఇవ్వకూడదని పాలసీలో ఉంది. దాన్ని ప్రయాణికులను తిప్పే వ్యాపారానికి వాడారు. మంటలకూ ఆ వాడకానికీ సంబంధం ఉందా లేదా అన్నది అనవసరం, మాట తప్పారు కాబట్టి చెల్లించం అని కంపెనీ వాదించింది. దీనికి దేశమంతటా వర్తించే స్థిరమైన ఫెడరల్ నియమం ఏదీ లేదని, రాష్ట్ర చట్టమే చూడాలని కోర్టు తేల్చింది. ఆ ఒక్క తీర్పుతో ఫలితం రాష్ట్రాన్ని బట్టి మారే పరిస్థితి వచ్చింది. ఉల్లంఘనే నష్టానికి కారణమైందా అని కొన్ని రాష్ట్రాల చట్టం అడుగుతుంది. కొన్ని చోట్ల ఆ ప్రశ్నే ఉండదు.

దాదాపు 70 ఏళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, గ్రేట్ లేక్స్ ఇన్సూరెన్స్, రైడర్స్ రిట్రీట్ రియాల్టీ సంస్థల కేసులో అదే కోర్టు ఇంకో మెలిక పెట్టింది. పెన్సిల్వేనియాకు చెందిన ఒక వ్యాపార సంస్థ యాట్ 2019లో ఫ్లోరిడా తీరంలో నేలకు తట్టుకుని దెబ్బతింది. మంటలు రాలేదు. అయినా బోటులోని అగ్నిమాపక పరికరాలకు సకాలంలో తనిఖీ, రీ-సర్టిఫికేషన్ చేయించలేదన్న కారణం చూపి బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. వివాదాలకు న్యూయార్క్ చట్టం వర్తిస్తుందని పాలసీలో రాసి ఉంది. ఓనరు పెన్సిల్వేనియా చట్టం కావాలన్నాడు. మెరైన్ పాలసీల్లో ఏ చట్టం వర్తిస్తుందో రాసుకున్న క్లాజు సాధారణంగా చెల్లుతుందని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. రెండు తీర్పులనూ కలిపి చదివితే తేలేది ఇది: రాష్ట్ర చట్టాన్ని బట్టి ఫలితం మారుతుంది, ఆ రాష్ట్రమేదో ముందే ఎంచి పాలసీలో రాసే వీలు కంపెనీకి ఉంది. చివరి పేజీల్లో కనిపించే ‘వర్తించే చట్టం’ అనే రెండు లైన్లను ఎవరూ చదవరు. కవరేజీ మొత్తం ఎంతో చూసుకున్నంత శ్రద్ధగా వాటినీ చూసుకోవాలి.

బ్రిటన్ ఈ విషయంలో పాలసీదారు వైపు కొంత జరిగింది. 1906 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం వారంటీని తుచ తప్పకుండా పాటించాలి. తప్పితే అది నష్టానికి ముఖ్యమైనదా కాదా అన్నదానితో పని లేకుండా బీమా కంపెనీకి ఆ తేదీ నుంచి బాధ్యత పోతుంది. 2015 ఇన్సూరెన్స్ చట్టం 2016 ఆగస్టులో అమల్లోకి వచ్చాక ఈ కఠినత్వం తగ్గింది. ఉల్లంఘన కొనసాగినంతసేపే కవర్ ఆగుతుంది, సరిదిద్దుకుంటే మళ్లీ మొదలవుతుంది. అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. క్లయింట్లు బోటులో ఉండగానే ప్రమాదం జరిగితే, కవర్ ఆగి ఉన్న సమయంలోనే జరిగినట్టు. ‘తర్వాత సరిదిద్దుకున్నాను’ అన్న మాట అప్పటి క్లెయిమ్‌కు పనికిరాదు.

ఉచితంగా వచ్చిన క్లయింటు వల్ల వారంటీ తప్పినట్టా కాదా అన్నది పాలసీ పదాలపై ఆధారపడుతుంది. కొన్ని పాలసీలు అద్దెకు ఇవ్వడాన్ని, ప్రయాణికుల నుంచి డబ్బు తీసుకోవడాన్ని మాత్రమే నిషేధిస్తాయి. కొన్ని ‘ఏ వ్యాపార ప్రయోజనానికీ వాడరాదు’ అంటాయి. రెండో రకం పాలసీ ఉన్న ఓనరు క్లయింట్లను పిలిచే ముందు బీమా కంపెనీని అడిగి తీరాలి.

రెండు పాలసీల మధ్య ఖాళీ

‘బోటు పాలసీ కాకపోతే కంపెనీ పాలసీ ఉంది కదా’ అన్నది తర్వాత వచ్చే మాట. అమెరికాలో వ్యాపార సంస్థలు తీసుకునే ప్రామాణిక జనరల్ లయబిలిటీ పాలసీలో (ఇతరులకు జరిగిన నష్టానికి పరిహారం భరించే పాలసీ) విమానాలు, వాహనాలు, పడవల వల్ల వచ్చే బాధ్యతను మినహాయిస్తూ ఒక క్లాజు ఉంటుంది. పడవల విషయంలో దానికి చిన్న సడలింపు ఉంది: బోటు కంపెనీ సొంతం కాకూడదు, పొడవు 26 అడుగుల లోపు ఉండాలి, చార్జీ తీసుకుని మనుషులనో సరుకునో తరలించకూడదు.

దీన్ని ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. సేల్స్ డైరెక్టరుకు 34 అడుగుల సొంత బోటు ఉంది. కంపెనీ చెప్పగా ఐదుగురు క్లయింట్లను తీసుకెళ్లాడు. ఒకరు డెక్ మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. బాధితుడు డైరెక్టరు మీదా, కంపెనీ మీదా దావా వేస్తాడు. బోటు పాలసీ ‘ఇది వ్యాపార వాడకం’ అంటుంది. కంపెనీ పాలసీ ‘బోటు 26 అడుగులు దాటింది’ అంటుంది. ఇంటి పాలసీ పైన అదనపు రక్షణ కోసం తీసుకున్న వ్యక్తిగత అంబ్రెల్లా పాలసీ కూడా వ్యాపార కార్యకలాపాలను మినహాయించి ఉండొచ్చు. మూడు ప్రీమియంలు కట్టిన మనిషికి లాయరు ఫీజు కూడా సొంత జేబులోంచే పోవచ్చు. విడివిడిగా చూస్తే మూడూ మంచి పాలసీలే. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లే లేరు.

‘ఫ్రీగా తీసుకెళ్లాను’ అంటే బాధ్యత తగ్గుతుందా?

తగ్గదు. భూమి మీద ఆవరణలోకి వచ్చినవారిని పనిమీద వచ్చినవారు, ఊరికే వచ్చినవారు అని విడదీసి, జాగ్రత్త తీసుకోవాల్సిన స్థాయిని మార్చే పాత సంప్రదాయం ఉంది. సముద్ర చట్టంలో దానికి చోటు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1959లో కెర్మారెక్ కేసులో చెప్పింది. అందులో గాయపడింది టికెట్ కొన్న ప్రయాణికుడు కాదు, ఓడ సిబ్బందిలో ఒకరిని చూడ్డానికి వచ్చిన మనిషి. ఓనరు ప్రయోజనాలకు విరుద్ధం కాని పనిమీద ఓడలో ఉన్న ప్రతి ఒక్కరి పట్లా పరిస్థితికి తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందే అన్నది ఆ తీర్పు సారాంశం. బంధువైనా క్లయింటైనా ఓనరు చూపాల్సిన జాగ్రత్త ఒక్కటే. తేడా వచ్చేది ఆ బాధ్యత తాలూకు డబ్బు ఎవరు చెల్లిస్తారన్న దగ్గర.

ఓనర్లకు అనుకూలంగా ఒక పాత ఆయుధం ఉంది, అది అమెరికాలో 1851 నాటి బాధ్యత పరిమితి చట్టం. తన ప్రమేయం, ఎరుక లేకుండా నష్టం జరిగిందని నిరూపించుకుంటే ఓనరు తన బాధ్యతను ప్రమాదం తర్వాత మిగిలిన నౌక విలువకు పరిమితం చేయమని కోరవచ్చు. ఇది విలాస పడవల వరకూ ఎలా పాకిందో 1990 నాటి సిసన్ వర్సెస్ రూబీ కేసులో చూడొచ్చు. ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీలో, మరీనాలో (పడవలు నిలిపే రేవులో) కట్టేసి ఉన్న 56 అడుగుల యాట్‌లో బట్టలుతికి ఆరబెట్టే యంత్రం దగ్గర మంటలు లేచాయి. పక్క పడవలకు, మరీనాకు 2,75,000 డాలర్లకు పైగా నష్టం జరిగిందని దావాలు పడ్డాయి. తన బాధ్యతను 800 డాలర్లకు పరిమితం చేయాలని ఓనరు కోరాడు. మిగిలిన శిథిలం విలువ అంతే మరి. సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని తేల్చలేదు గానీ, ఈ వివాదం సముద్ర చట్టం పరిధిలోకే వస్తుందని చెప్పింది.

క్లయింట్లను తిప్పే ఓనరు దీన్ని నమ్ముకోవడం మాత్రం ప్రమాదకరం. చుక్కాని దగ్గర ఓనరే ఉన్నప్పుడు ‘నా ప్రమేయం లేదు’ అన్న మాట నిలబడటం కష్టం. పైగా చట్టమే కొంత మారింది. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవింగ్ బోటు తగలబడి 34 మంది చనిపోయారు. కొద్ది రోజులకే ఓనర్లు ఈ 1851 చట్టం కింద కోర్టుకెళ్లడం పెద్ద దుమారం లేపింది. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ నిర్దేశిత పరిమితుల్లోని చిన్న ప్రయాణికుల నౌకలకు ఈ రక్షణ తీసేసింది. ఆ రకం నౌకకు ఆధారం ఇంతకుముందు చెప్పిన లెక్కే: ఆరుగురి కంటే ఎక్కువ ప్రయాణికులు, అందులో కనీసం ఒక్క కిరాయి ప్రయాణికుడు. అంటే ‘ప్రతిఫలం’ అన్న మాట లైసెన్స్ దగ్గర ఆగదు. బాధ్యత పరిమితి కోరే హక్కును కూడా తీసుకెళ్లిపోగలదు.

పన్ను కాగితం చెప్పే సాక్ష్యం

వ్యాపార అతిథుల కోసమే కాబట్టి ఖర్చు కంపెనీ ఖాతాలో చూపించుకుందామన్న ఆలోచన ఎక్కువ చోట్ల లాభం లేనిది. యాట్‌ల వంటి వినోద సదుపాయాల ఖర్చును పన్ను లెక్కలోంచి తగ్గించుకునే వీలును అమెరికా 1978లోనే చాలావరకు మూసేసింది. 2017 పన్ను సంస్కరణల తర్వాత, 2018 నుంచి, క్లయింట్ల వినోదం ఖర్చుకే మినహాయింపు పోయింది. బిల్లులో విడిగా చూపిన భోజనం ఖర్చులో సగానికి మాత్రం అవకాశం మిగిలింది. బ్రిటన్‌లోనూ కార్పొరేషన్ పన్నులో వ్యాపార ఆతిథ్యం ఖర్చుకు మినహాయింపు ఉండదు.

రాని మినహాయింపు కోసం పుస్తకాల్లో ‘క్లయింట్ ఈవెంట్’ అని రాయడం వల్ల ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ. వ్యక్తిగత విహారమని బీమా కంపెనీకి చెప్పిన ఓనరు సంతకంతోనే ఆ ప్రయాణం వ్యాపారమని చెప్పే వోచరు కంపెనీ ఫైల్లో ఉంటుంది. దావా నడిచేటప్పుడు ఈమెయిళ్లు, ఖర్చుల రిపోర్టులు, ఆహ్వాన పత్రాలు బయటికి తీయించడం మామూలే. ‘మా కొత్త ప్రొడక్ట్ పరిచయం కోసం యాట్‌పై సాయంత్రం’ అని ముద్రించిన ఆహ్వానం ఉంటే బీమా కంపెనీ లాయరుకు వేరే సాక్షి అక్కర్లేదు.

మద్యం, ఉద్యోగులు, ప్రభుత్వ అతిథులు

అమెరికా ఫెడరల్ నిబంధనల్లో సరదా బోటు నడిపేవారికి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. మిగతా నౌకలను నడిపేవారికి 0.04 శాతమే. ప్రయాణం స్వభావం మారితే ఈ గీత కూడా సగానికి దిగొచ్చు.

బోటులో సాయానికి కంపెనీ ఉద్యోగిని తెచ్చుకుంటే అతను అతిథా, డ్యూటీలో ఉన్న ఉద్యోగా, బోటు సిబ్బందా అన్న ప్రశ్న వస్తుంది. ఈ మూడింటికీ పరిహారం దారులు వేరు. రమ్మని బాస్ చెబితే వచ్చిన ఉద్యోగిని ‘సరదాకి వచ్చాడు’ అనడం అంత సులువు కాదు.

అతిథి ప్రభుత్వ అధికారి అయితే బోటు సంగతి అటుంచి బహుమతుల నిబంధనలు ముందుకొస్తాయి. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు ఆయా సంస్థల నుంచి సాధారణంగా ఒక సందర్భంలో 20 డాలర్లు, ఏడాది మొత్తంలో ఒకే మూలం నుంచి 50 డాలర్ల విలువ వరకే పుచ్చుకోవచ్చు. యాట్ షికారు ఆ లెక్కలో ఇమడదు. బ్రిటన్‌లో 2010 లంచాల నిరోధక చట్టం ప్రైవేటు రంగంలోని ఆతిథ్యాన్ని కూడా, దాని ఉద్దేశాన్ని బట్టి, పరీక్షకు పెడుతుంది.

బీమా కంపెనీకి రాసే ఉత్తరం

ఫోన్లో ఏజెంటు ‘ఏం పర్లేదు సార్’ అన్న మాటకు క్లెయిమ్ రోజున విలువ ఉండదు. తేదీ, బయలుదేరే చోటు, తిరిగే పరిధి, ఎంతమంది, వాళ్లు ఎవరు, డబ్బు లేదా కొనుగోలు షరతు ఉందా, బోటు ఎవరు నడుపుతారు, మద్యం ఉంటుందా అన్న వివరాలతో ముందుగా ఈమెయిల్ పంపి, రాతపూర్వక జవాబు తెప్పించుకోవాలి. మెరైన్ బీమాలో ముఖ్యమైన విషయం దాచకూడదన్న నియమం చాలా బలంగా ఉంటుంది కాబట్టి, ఈ ఈమెయిల్ పాలసీదారుకే రక్ష. కవర్ లేదంటే ఆ ఒక్క రోజుకు ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే రాతపూర్వక సవరణ) అడగవచ్చు. దాంతోపాటు, పాలసీలో పేరున్న వ్యక్తే బోటు నడపాలన్న షరతు ఉందేమో చూసుకోవాలి. లైసెన్స్ ఉన్న కెప్టెన్‌ను కొత్తగా పెట్టుకున్నా అతని పేరు పాలసీలో ఎక్కకపోతే మళ్లీ అదే గొడవ.

అతిథులతో సంతకం చేయించుకునే మాఫీ పత్రాలపై ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేసే నౌకల ఓనర్లు తమ నిర్లక్ష్యానికి ముందే మాఫీ రాయించుకుంటే అది చెల్లదని అక్కడి చట్టమే చెబుతోంది. పైగా క్లయింటు ముందు అలాంటి కాగితం పెట్టడం మర్యాదగానూ ఉండదు.

ఆరుగురికి మించి అతిథులుంటే, లేదా ఆహ్వానానికి కొనుగోలుతో ఏ మాత్రం ముడి ఉన్నా, సొంత బోటును ఒడ్డునే ఉంచి, తనిఖీ సర్టిఫికెట్ ఉన్న చార్టర్ (అద్దె) బోటును సిబ్బందితో సహా మాట్లాడుకోవడం లెక్కప్రకారం చవక. లైసెన్స్, తనిఖీ, సిబ్బంది బాధ్యత ఆపరేటరు వైపు ఉంటాయి. ఆతిథ్యం ఇచ్చే కంపెనీ చేయాల్సిందల్లా ఆపరేటరు పాలసీలో తన పేరును అదనంగా బీమా రక్షణ పొందే సంస్థగా చేర్పించుకుని, ఆ సర్టిఫికెట్ కాపీని బోటు బయలుదేరక ముందే తెప్పించుకోవడం.